స్నేహితులతో కోల్‌కతాలో ఒక వారం: తగవులు పడకుండా తిరిగి రావడం ఎలా

“ఈసారి తప్పకుండా వెళ్దాం” అన్న మాట మా వాట్సాప్ గ్రూపులో పదకొండేళ్లు నలిగింది. గుంటూరులో ఒకే హాస్టల్లో చదువుకున్న అయిదుగురు ఆడవాళ్లం. ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరికి అత్తగారి మోకాలి ఆపరేషన్, ఇంకొకరికి సెలవు దొరకదు. చివరికి కిందటి డిసెంబరులో కోల్‌కతా వెళ్లాం, వారం రోజులు ఉన్నాం, మాట్లాడుకుంటూనే తిరిగి వచ్చాం. ఈ మూడోదే గొప్ప సంగతి. ప్రాణస్నేహితులమని చెప్పుకొని కలిసి పెద్ద ఊరికి వెళ్లి, వచ్చాక ఆరు నెలలు పలకరించుకోని వాళ్లను నేను ఎరుగుదును.

మీరూ అటువంటి ప్రయాణం తలపెడుతుంటే మేం చేసినవీ, చేసి చెంపలు వేసుకున్నవీ వరుసగా చెబుతాను. ఊరి గురించి ఎంత చెబుతానో మనుషుల గురించి కూడా అంతే చెబుతాను. చూడవలసిన చోట్ల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆకలితో, కాళ్ల నొప్పితో ఉన్న అయిదుగురు ఒకరి మీద ఒకరు విరుచుకుపడకుండా ఉండే ఉపాయం ఆ పట్టికలో ఉండదు.

తేదీ ఎవరినీ అడగకండి

అందరినీ అడిగి తేదీ ఖరారు చేద్దామనుకుంటే ఈ జన్మకు తెమలదు. ఇద్దరికి కుదిరిన తేదీకి అయిదు టిక్కెట్లూ తీసేయండి. టిక్కెట్టు చేతికొచ్చాక కుదరని వాళ్లకు కూడా ఎలాగో కుదురుతుంది. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. చర్చలన్నీ ఆ రోజుతో ముగిసిపోవాలి.

నెల విషయంలో మాత్రం రాజీ పడకండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకే వెళ్లండి. ఎండాకాలంలో అక్కడి ఉక్కపోత విజయవాడ వాళ్లను కూడా ఏడిపిస్తుంది. చలికాలంలో ఇంకో లాభం నొలెన్ గుర్. ఈత చెట్టు గీసి తీసిన నీటిని కాచి చేసే కొత్త బెల్లం అది. మనకు ఈత చెట్టు అంటే కల్లు గుర్తుకొస్తుంది, వాళ్లకు మిఠాయి గుర్తుకొస్తుంది. దుర్గాపూజకే వెళ్దామని మాలో ఒకావిడ పట్టుబట్టింది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన పండుగ, కాదనను. కానీ ఆ రోజుల్లో ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. అయిదుగురు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా నడవడమే ఒక పని అయిపోతుంది. అది రెండోసారికి అట్టే పెట్టుకోండి.

ఇక వారాల లెక్క. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సోమవారం విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలు, ఇండియన్ మ్యూజియం, ఠాగూర్ పుట్టిన జొరాసాంకో ఇల్లు మూడూ సెలవు. ఆదివారం కాలేజీ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, మెట్రో కూడా ఆలస్యంగా మొదలవుతుంది. మంగళ, శనివారాల్లో కాళీ గుళ్లలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ మూడు ముక్కలూ ఒక కాగితం మీద రాసుకుంటే సగం ప్రణాళిక అయిపోయినట్టే. శనివారం దిగేలా చూసుకోండి, మిగతా రోజులు వాటంతట అవే సర్దుకుంటాయి.

రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, విజయవాడ మీదుగా వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరా చేరుస్తుంది. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. కోరమాండల్, ఈస్ట్‌కోస్ట్ రైళ్లు ఇప్పుడు షాలిమార్‌కు వెళుతున్నాయి. అది కూడా హుగ్లీ నదికి హౌరా వైపే ఉంది కానీ మెట్రో లేదు, రాత్రిపూట దిగితే టాక్సీ కోసం బేరాలాడాలి. టిక్కెట్టు తీసేటప్పుడు చివరి స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. విమానంలో అయితే రెండు గంటలే. కానీ ఆ ఇరవై చిల్లర గంటల రైలు కబుర్లు మాకు వారంలో సగం పెట్టు. పులిహోర మొదటి పూటకు, చపాతీలు రెండో పూటకు కట్టుకోండి. గోంగూర పచ్చడి సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. ఎందుకో అడగకండి, ఆ చుడీదారుకు ఇప్పటికీ మరక ఉంది.

ఖరగ్‌పూర్ వచ్చాక చెవులు రిక్కించండి. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద “సామాను లెక్కపెట్టావా” అని తెలుగులో కేక వినిపిస్తే మా వాళ్లలో ఒకావిడ తన పెట్టెలు లెక్కపెట్టుకుంది.

బస, సంచీ, పూట పెద్ద

ఎస్‌ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ పరిసరాల్లో, మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉండే చోటు చూడండి. ఊరి ఉత్తరానికీ దక్షిణానికీ అది మధ్య. గది తీసుకునే ముందు ఫోను చేసి లిఫ్టు ఉందా, వేడినీళ్లు ఏ వేళకు వస్తాయి, కిటికీ ఎటు తెరుచుకుంటుంది అని అడగండి. మేం ఫొటోలో కిటికీ చూసి మురిసిపోయి డబ్బు కట్టాం. తీరా తెరిస్తే అరచేతి దూరంలో పక్క భవనం గోడ. రెండు గదులు తీసుకుంటే గురక పెట్టేవాళ్లందరినీ ఒక గదిలో వేయండి. ఎవరు గురక పెడతారో వాళ్లకు తెలియదు కనుక ఈ విషయం ఓటింగుకు పెట్టవద్దు.

డబ్బుకు ఒక జిప్పు సంచీ కొనండి. మొదటి రోజే తలా నాలుగు వేలు అందులో వేయండి. టీ, ఫలహారం, టాక్సీ, మెట్రో, ప్రవేశ టిక్కెట్లు అన్నీ ఆ సంచీలోంచే. చేపలు, మాంసం, చీరలు ఎవరివి వాళ్లవి. సంచీ మోసే మనిషి వారమంతా ఒకరే ఉండాలి. మాలో బ్యాంకులో పనిచేసే ఆవిడకు అప్పగించాం. ఫోను యాప్‌లో లెక్కలు రాసుకునే పద్ధతి కూడా ఉంది. అందులో ప్రతి పది రూపాయల టీకి పద్దు పడుతుంది, రాత్రి దాన్ని చూసి ఎవరో ఒకరు “నేను ఆ టీ తాగలేదుగా” అంటారు. సంచీలో ఆ మాటకు చోటు లేదు.

డబ్బు మనిషి మారకూడదు, నిర్ణయం చేసే మనిషి రోజూ మారాలి. మేం ఆ పదవికి ‘పూట పెద్ద’ అని పేరు పెట్టుకున్నాం. ఎక్కడ తినాలి, ఆటోనా నడకా, వెనక్కి ఎప్పుడు మళ్లాలి అన్నవి ఆ రోజుకు ఆమె ఇష్టం. మిగిలిన వాళ్లు విసుక్కోవచ్చు, కాదనకూడదు. హాస్టల్లో ఎన్నడూ నోరు విప్పని మనిషి పూట పెద్ద అయిన రోజున మమ్మల్ని తెల్లవారుజామున అయిదింటికి లేపి నడిపించింది. ముప్పై ఏళ్ల స్నేహంలో ఆమెలో ఆ కోణం నేను చూడలేదు.

నాలుగు బెంగాలీ మాటలు నేర్చుకుని వెళ్లండి. మగవాళ్లను దాదా, ఆడవాళ్లను దీదీ, పెద్దావిడ అయితే మాషీ అని పిలవండి. ‘కొతో?’ అంటే ఎంత. ‘భాలో’ అంటే బాగుంది. శాకాహారులకు ప్రాణం కాపాడే మాట ‘నిరామిష్’. అక్కడ బ్రాహ్మణులు కూడా చేపలు తింటారు కనుక “నేను బ్రాహ్మణ్ని” అంటే సరిపోదు, ఈ మాటే చెప్పాలి. ఆవనూనె వాసన మొదటి రోజు ముక్కుకు ఘాటుగా తగులుతుంది. మూడో రోజుకు అది లేని కూర చప్పగా ఉంటుంది.

శనివారం: దిగిన రోజు నదికే

సామాను గదిలో పడేసి, స్నానం చేసి, సాయంత్రం వరకు పడుకోండి. చూడాలన్న ఆత్రం ఆపుకోండి. నాలుగింటికి హౌరా రేవుకు వెళ్లి బాబుఘాట్ లాంచీ ఎక్కండి. రైల్వేస్టేషన్ ఎదురుగానే రేవు. టిక్కెట్టు కొద్ది రూపాయలే. లాంచీ కదిలాక వెనక్కి తిరిగి నిలబడితే హౌరా వంతెన మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. 1943లో రాకపోకలకు తెరిచారు. 26,500 టన్నుల ఉక్కు, అంతా రివెట్లతో బిగించినదే, నట్లూ బోల్టులూ లేవు. గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే స్తంభాలు లెక్కపెడుతూ పెరిగిన మనకు, నీళ్లలో ఒక్క స్తంభం కూడా లేకుండా అంత నదిని దాటిన వంతెన వింతగానే ఉంటుంది. దాని కాళ్లను తుప్పు పట్టించిన వాటిలో జనం ఉమ్మిన పాన్ కూడా ఒకటి. అందుకని కింది భాగాలకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయవలసి వచ్చింది. యుద్ధకాలంలో కట్టి నిలబెట్టిన ఉక్కుకు వక్కాకు గండమైంది.

బాబుఘాట్‌లో దిగి ఒడ్డు వెంట ప్రిన్సెప్ ఘాట్ దాకా నడవండి. మట్టి ముంతలో టీ తాగండి. గదికి వచ్చి పడుకోండి. ఆ రోజుకు అంతే.

ఆది, సోమవారాలు

ఆదివారం పొద్దున్నే లేవగలిగితే సెంట్రల్ మెట్రో దగ్గరి టిరెట్టా బజారుకు వెళ్లండి. తరాలుగా అక్కడ ఉంటున్న చైనా సంతతి వాళ్లు వేడివేడి మోమోలు, చేప ఉండల సూపు వీధిలోనే అమ్ముతారు. ఎనిమిదింటికల్లా చాలావరకు సర్దేస్తారు. శాకాహారులకు అక్కడ చూడటం తప్ప పని లేదు, వాళ్లను పడుకోనివ్వండి. మధ్యాహ్నం అందరూ పడుకోండి. సాయంత్రం మైదాన్‌లో పిల్లల క్రికెట్ చూస్తూ విక్టోరియా మెమోరియల్ వైపు నడిచి, బయట పుచ్కా తినండి. మన పానీపూరీకి అన్న అనండి, తమ్ముడు అనండి: చింతపండు పులుసు ఘాటుగా, లోపల బంగాళదుంప ముద్ద, ఆకు దొన్నెలో ఒక్కొక్కటిగా వేస్తారు. అయిదుగురు వరుసగా నిలబడితే పుచ్కా అతను తప్పకుండా వంతు తప్పకుండా వేస్తాడు. ఎవరికి ఎన్ని పడ్డాయో లెక్క ఆయన దగ్గర ఉంటుంది, మన దగ్గర ఉండదు.

సోమవారం మ్యూజియాలకు సెలవు కనుక గుళ్ల రోజు. మెట్రోలో ఉత్తరపు చివర దక్షిణేశ్వర్‌లో దిగండి. రాణీ రాస్మణి 1855లో కట్టించిన గుడి. తొమ్మిది శిఖరాల కాళీ ఆలయం, నది వైపు వరుసగా పన్నెండు శివాలయాలు. రామకృష్ణ పరమహంస పూజారిగా ఉన్నది ఇక్కడే. ఫోన్లు, చెప్పులు బయట పెట్టాలి. కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. మేం అనుకోలేదు. నలుగురం ఒకే స్తంభం దగ్గర ఒకావిడ కోసం ముప్పావు గంట నిలబడితే ఆవిడ రేవు మెట్ల మీద హాయిగా కూర్చుని ఉంది.

మధ్యాహ్నం గుళ్లు మూస్తారు. ఆలోపు దర్శనం చేసుకుని, లుచీ, ఆలూదమ్ తినండి. లుచీ అంటే మైదాతో చేసిన తెల్లటి పూరీ. మూడింటి తరువాత దక్షిణేశ్వర్ రేవులోనే పడవ ఎక్కితే బేలూరు మఠం చేరుస్తుంది. 1938లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి మందిరం ఒక పక్క నుంచి గుడిలా, ఇంకో పక్క నుంచి చర్చిలా కనిపిస్తుంది. ఆ ఊహ వివేకానందుడిదే. సాయంత్రం హారతి వరకు ఉండండి. మాలో దేవుడంటే పెద్దగా పట్టని మనిషి కూడా ఆ గంట కదలకుండా కూర్చుంది. ఏమైందని మేమూ అడగలేదు.

మంగళవారం: కుమార్‌తులి

వారంలో ఒక్క చోటు మాత్రమే చూసే వీలుంటే నేను ఇదే చెబుతాను. శోభాబజార్ మెట్రోలో దిగి నడిస్తే బొమ్మలు చేసే కుమ్మరుల వాడ వస్తుంది. డిసెంబరులో అక్కడ అందరూ సరస్వతులే. వసంత పంచమికి సిద్ధమవుతుంటారు. సన్నటి సందుకు రెండు పక్కలా చీకటి కొట్లు, కొట్ల నిండా తలలు లేని సరస్వతులు.

తొందరపడి పది కొట్లు తిరగకండి. ఒక్క కొట్టు ముందు అరగంట నిలబడండి. వెదురు చట్రానికి ఎండుగడ్డిని జనపనార తాడుతో బిగించి కట్టి ముందు మనిషి ఆకారం తెస్తారు. దాని మీద ఊక కలిపిన ముతక మట్టి. ఎండాక పగుళ్ల మీద బట్ట పేలికలు తడిపి అతికి, మెత్తటి మట్టి పూత. తలను అచ్చులో పోసి వేరుగా తీసి మెడకు అతుకుతారు. మేం చూసిన ముసలాయన వేళ్లు చేస్తున్నాడు. గోలీ అంత మట్టి తీసి, అరచేతుల మధ్య ఒక్కసారి రుద్దితే సన్నటి వత్తి. దాన్ని రెండుచోట్ల నొక్కితే కణుపులు. చివర గోటితో ఒక గీత గీస్తే గోరు. అలా పది వేళ్లు ఒక పలక మీద వరుసగా పేర్చి, వాటిలోంచి వీణ మీటే చేతికి సరిపడే నాలుగింటిని ఏరుకుని, కాస్త వంచి అతికాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మాలో పియానో నేర్చుకుని వదిలేసిన ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంటూ నిలబడిపోయింది.

ఫొటో తీసేముందు అడగండి. కొందరు డబ్బు తీసుకుంటారు, ఇవ్వండి. వాళ్ల పనికి మనం అడ్డం. నిమజ్జనమయ్యాక నదిలోంచి చట్రాలు తీసి మళ్లీ వాడతారని పక్క కొట్టు కుర్రాడు చెప్పాడు. మన వినాయకుడి పందిళ్ల వాళ్లు ఒకసారి ఇక్కడికి వచ్చి మట్టి బొమ్మ అంటే ఏమిటో చూసి వెళ్లాలి.

మధ్యాహ్నం గిరీశ్ పార్క్ మెట్రో దగ్గరి జొరాసాంకో ఠాకూర్‌బాడీ. 1861లో రవీంద్రుడు పుట్టిన ఇల్లు, 1941లో కన్నుమూసిన ఇల్లు. ఆఖరి రోజుల్లో ఉన్న గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మేం కూడా మాట్లాడలేదు, ఆ వారంలో అది రికార్డు.

బుధవారం: విడిపోండి

ఇది ప్రణాళికలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు, అందరూ వద్దనే రోజు కూడా ఇదే. నాలుగు రోజులు ఇరవై నాలుగు గంటలూ కలిసి ఉన్నాక ఎంత స్నేహితులకైనా ఒకరి దగ్గు ఇంకొకరికి చిరాకు పుట్టిస్తుంది. మాకు మంగళవారం రాత్రి భోజనం దగ్గర ఉప్పు డబ్బా గురించి మాట పెరిగింది. కారణం ఉప్పు కాదని అందరికీ తెలుసు. కనుక బుధవారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు ఎవరి దారి వాళ్లది. షరతులు రెండే: సంచీలోంచి తలా ఏడు వందలు తీసుకోవాలి, సాయంత్రం వరకు గ్రూపులో ఫొటోలు పెట్టకూడదు.

ఒకావిడ పడుకుంది. ఒకావిడ న్యూ మార్కెట్‌లో చీరల బేరాలకు దిగింది. ఇంకొకావిడ తన బెంగాలీ సహోద్యోగిని ఇంటికి భోజనానికి వెళ్లింది. నేను ఇండియన్ మ్యూజియానికి వెళ్లాను. 1814లో మొదలైన మ్యూజియం, దేశంలో అన్నిటికంటే పాతది. అందరూ ఈజిప్టు మమ్మీ కోసం వెళతారు. మీరు గుంటూరు, పల్నాడు వైపు వాళ్లయితే అమరావతి శిల్పాల కోసం అడగండి. రెండు వందల ఏళ్ల కిందట స్తూపాన్ని సర్వే చేయించిన కాలిన్ మెకంజీ కొన్ని పలకలను కలకత్తాకు పంపారు. మన ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించిన మెకంజీయే. 1821లో ఆయన కన్నుమూసింది కూడా ఈ ఊళ్లోనే. చిన్నప్పుడు వనభోజనాలకు వెళ్లిన ఊరి రాయిని ఇంత దూరంలో చూస్తే, మన ఊరి మనిషి పరాయి స్టేషన్‌లో కనబడినట్టే ఉంది. పలకరించబోయి ఆగాను.

అయిదో మనిషి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు వెళ్లింది. 1787లో వేసిన తోట. అక్కడి మహా మర్రి వయసు 250 ఏళ్లు దాటింది. అసలు మాను పుచ్చిపోతే 1925లో కొట్టేశారు. ఇప్పుడు ఉన్నదంతా ఊడలే. మొదలు లేకుండా చెట్టు బతుకుతోందని సాయంత్రం ఆమె చెబుతుంటే మేం నమ్మలేదు. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఇంతకంటే పెద్దదే, కానీ ఆ మాట అక్కడి గైడ్ దగ్గర ఎత్తవద్దు, అతనికి బాధ కలిగిందట. ఈ తోటను పెంచి పెద్ద చేసిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కల మీద పరిశోధన చేసినవాడే.

అయిదింటికి కలుసుకున్నాక తొమ్మిదింటి వరకు ఎవరూ ఫోను ముట్టలేదు. అయిదుగురి దగ్గరా అయిదు కథలు ఉన్నాయి. పడుకున్న ఆవిడ దగ్గర కూడా ఉంది: గది ఊడ్చడానికి వచ్చిన మాషీతో రెండు గంటలు మాట్లాడిందట, ఆమెకు తెలుగు రాదు, ఈమెకు బెంగాలీ రాదు.

గురువారం: బరువైన రోజు

విశ్రాంతి దొరికింది కాబట్టి నడక అంతా ఈ రోజుకు వేయండి. ఆరింటికల్లా హౌరా వంతెన పక్కన మల్లిక్ ఘాట్ పూల బజారులో ఉండాలి. కడియపులంక పూల మార్కెట్ చూసినవాళ్లకు బంతిపూలు కొత్త కాదు. ఇక్కడ వాటిని లావాటి దండలుగా గుచ్చి, మోకుల్లా చుట్టి, తల మీద కొండలా మోస్తూ పరుగు తీసే మనుషులే కొత్త. దారికి అడ్డం నిలబడితే వాళ్లు ఆగరు, ఆగలేరు. కేక వినగానే గోడకు అతుక్కోండి. కింద బురద, పూలరేకులు కలిసిన పేస్టు. మంచి చెప్పులు వద్దు.

తరువాత వంతెన మీద కాలినడకన హౌరా వైపు దాటండి. స్టేషన్ కింద 30 మీటర్లకు పైగా లోతున ఉన్న మెట్రోలోకి దిగి, నది అడుగు నుంచి వెనక్కి రండి. 2024 మార్చిలో మొదలైన దారి ఇది, మన దేశంలో నది కింద నడిచే మొదటి మెట్రో. నది కింద ఉండేది 45 సెకన్లే. శనివారం లాంచీలో, ఇవాళ వంతెన మీద, ఇప్పుడు నీటి కింద: ఒకే నదిని మూడు విధాల దాటినట్టు లెక్క. దేశంలో మెట్రో మొదట నడిచింది కూడా ఈ ఊళ్లోనే, 1984లో. ట్రాములైతే 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారాయి. ఇప్పుడు ఒకటి రెండు దారుల్లోనే మిగిలాయి. కనబడితే ఎక్కండి, ఎటు వెళుతుందని అడగకండి.

పదకొండు దాటాక కాలేజీ స్ట్రీట్. ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాల గూళ్లు. మీకు కావలసిన పుస్తకం పేరు చెప్పండి. దుకాణదారు లేవకుండానే చెయ్యి చాపి ఏదో దొంతరలోంచి లాగుతాడు. బేరం ఆడండి, కానీ చిరునవ్వుతో. పక్కనే మేడ మీద కాఫీ హౌస్. తలపాగాల వెయిటర్లు, ఎత్తయిన పైకప్పు, పొగ, గోల. కాఫీ గొప్పగా ఉండదు. ముందే చెబుతున్నాను, ఫిల్టర్ కాఫీ మనుషులు నిరాశపడతారు. ఒక్క కప్పు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమనకపోవడమే అక్కడి రుచి. మన నిఘంటువుల బ్రౌన్ దొర 1798లో పుట్టింది ఈ కలకత్తాలోనే అని నేను అక్కడ ఒక ఉపన్యాసం మొదలుపెడితే పూట పెద్ద తన అధికారం వాడి ఆపించింది.

రాత్రికి బిర్యానీ. అందులో బంగాళదుంప ఉంటుంది. 1856లో పదవి పోయి అవధ్ నుంచి వచ్చిన నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ల నుంచి వచ్చిన పద్ధతి అంటారు. డబ్బు చాలక దుంప వేశారని కొందరు, అప్పట్లో దుంపే ఖరీదైనదని కొందరు. మాలో హైదరాబాద్ ఆవిడ దుంపను పళ్లెం అంచుకు నెట్టి, ఎవరూ చూడటం లేదనుకున్నాక తినేసింది.

శుక్రవారం: సర్దుకోవడం

ఉదయం విక్టోరియా మెమోరియల్ లోపల ఒక గంట చాలు. 1921లో పూర్తయిన మక్రానా పాలరాయి భవనం. నాకైతే లోపలి బొమ్మల కంటే బయటి చెరువులో దాని నీడే నచ్చింది. తరువాత మిఠాయిలు. రసగుల్లా డబ్బాల్లో సీలు వేసినవి కొనండి, విడివి రైలుకు పనికిరావు. నొలెన్ గుర్ సందేశ్ మూడో రోజుకు పాడవుతుంది, కనుక ఇంటికి పట్టుకెళ్లేవి తక్కువ, అక్కడ తినేవి ఎక్కువ ఉండాలి. మట్టి కుండలోని మిష్టి దోయి, అంటే తియ్య పెరుగు, కట్టుకోవాలని మాత్రం చూడకండి. గోంగూర తరువాత మా సంచిలో అదే రెండో ప్రమాదం. తిరుగు రైలు పొద్దున్నే అయితే ముందు రాత్రే పెట్టెలు మూసేయండి.

సంచీ లెక్క రైల్లో కూర్చున్నాకే చూడండి. మాకు 185 రూపాయలు మిగిలాయి. బ్యాంకు ఆవిడ తలా 37 పంచబోతే నలుగురం వద్దన్నాం. ఖరగ్‌పూర్ దాటేలోపు వాటిలో యాభై టీలకు పోయాయి. మిగిలిన 135తో ఆ సంచీ తెనాలిలో ఆమె బీరువాలో ఉంది. ఈసారి తేదీ ఎవరినీ అడగకుండా ఆమే టిక్కెట్లు తీస్తుందట.